మందు మానని మా బావకు

నేను ఫ్లెక్సీలు తయారుచేస్తాను. హనుమకొండలో ఒక సందు మొగదల మా షాపు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటింగ్ మిషను, నేను. మా దగ్గర మనిషి పుట్టినా ఫ్లెక్సీ, పోయినా ఫ్లెక్సీ. వార్డు మెంబరుగా గెలిస్తే ఫ్లెక్సీ, ఓడిపోతే ఓట్లేసినవాళ్లకు కృతజ్ఞతల ఫ్లెక్సీ. చౌరస్తాల్లో దండం పెడుతూ నిలబడే ఆ మొహాల్లో చాలావాటికి మచ్చలు తీసింది నేను, బట్టతలల మీద జుట్టు మొలిపించింది నేను. అసలు మనుషులు ఎదురుపడితే గుర్తుపట్టలేను గానీ ఫ్లెక్సీ మీద అయితే ఇట్టే గుర్తుపడతాను.

ఈ పని ఎవరైనా చేస్తారు. నా గొప్ప వేరే ఉంది. నా షాపులోంచి అక్షరం తప్పు బయటకు పోదు. దీర్ఘం ఎగిరిపోయినా, వత్తు జారినా నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. ఒకాయన తన తండ్రి వర్ధంతికి 'హార్దిక శుభాకాంక్షలు' అని కొట్టమన్నాడు. తండ్రి పోయినందుకు శుభాకాంక్షలేంటయ్యా అని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. అంతా విని, "లెక్చర్ మంచిగ ఇస్తవన్నా నువ్వు" అని పక్క షాపుకు పోయి కొట్టించుకున్నాడు. వారం రోజులు ఆ శుభాకాంక్షల కిందనుంచే షాపుకు నడిచాను. పోయినాయన పైనుంచి నవ్వుతూనే ఉన్నాడు.

అక్షరాల దగ్గర ఇంత నిష్ఠ గల మనిషిని పదిహేనేళ్లు తాగాను. మొదట్లో సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నాలు, చివరికి పొద్దున పళ్లు తోముకోకముందే. చేయి వణికి గీత వంకర పోతుంటే మౌస్ పాడైందని మూడు మౌసులు మార్చాను. నాలుగోది కొంటానంటే మా ఆవిడ, "మౌసు మంచిగనే ఉన్నది. పిల్లినే బాగలేదు" అంది. ఆమెకు నోరు జాస్తి. అప్పట్లో ఆ నోరంటే నాకు కోపం.

తాగుడుకంటే నా కథలే ఆమెను ఎక్కువ ఏడిపించాయి. తాగి ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ ఒక కారణం కావాలి కదా. కరెంటు పోయిందనేవాణ్ని, మిషను ఆగిపోయిందనేవాణ్ని. ఒక చిన్ననాటి దోస్తును చంపేశాను కూడా. మరుసటి ఏడు మర్చిపోయి వాణ్నే మళ్లీ చంపి, చూడ్డానికి పోయొచ్చానని చెప్పాను. "పోయిన యాడాది పోయినోడు మళ్ల పోయిండా? పాపం, వానికి ఎంత కష్టమొచ్చె" అంది, అన్నం వడ్డిస్తూ. వాడు ఇప్పటికీ బతికే ఉన్నాడు. కనబడితే ఎందుకో నేనే తప్పుకుని పోతాను.

చివరికి ఒకరోజు షాపులోనే ఫిట్స్ వచ్చి పడిపోతే, ధర్మసాగర్‌లో ఉండే నా బామ్మర్ది వచ్చి, నన్ను భుజాన వేసుకుని దవాఖానలో పడేశాడు. వాడిది సెంట్రింగ్ కాంట్రాక్టు. సిమెంటు బస్తాలు మోసిన భుజం కాబట్టి సరిపోయింది. అక్కడ పద్దెనిమిది రోజులున్నాను. ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది.

"నువ్వు తాగుతవో మానుతవో నాకెరుక లేదు. నేనేం జోస్యం చెప్పేదాన్ని కాదు. తాగితే మాత్రం వచ్చి నా మొఖం మీద చెప్పు. తాగినందుకు నేనెటు పోను. అబద్ధమాడినవనుకో, ఆ పూటనే మా తమ్మునింటికి పోత."

ఒట్టు వేయించుకోలేదు, దేవుడి పటం ముందు నిలబెట్టలేదు. నేను ఊ అన్నాను. నిజం చెప్పడమే కదా, ఎంతసేపు అనుకున్నాను.

తాగకుండా ఉండటం అనుకున్నంత కష్టం కాలేదు. తాగట్లేదని జనాన్ని ఒప్పించడమే కష్టమైంది. మావైపు ఊరికే మందు మానేసే మనిషి ఉండడు. దావత్‌లో నేను గ్లాసు పక్కకు జరిపితే చాలు, వరస మొదలయ్యేది.

"ఏమైందే, షుగరా?"

"లే."

"లివరా?"

"లే."

"మరి మాలేసినవా? నల్లబట్టల్లేవు గదా!"

"మాలెయ్యలె."

"ఏ రోగం లేదు, దేవుడు లేడు, మరెందుకు మానినవే?"

నా మీద అనుమానంగా చూసేవాళ్లు, ఏదో పెద్ద తప్పు చేసి దాస్తున్నానన్నట్టు. ఒకసారి విసుగెత్తి లివర్ అన్నాను. ఎదుటాయన మొహం వికసించింది. "గట్ల చెప్పు మరి" అని భుజం తట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు. అప్పటినుంచి మనిషిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు చెప్పుకుంటూ పోయాను. వాటిని నేను అబద్ధాల్లో కలపలేదు. ఇంట్లో చెప్పేవే అబద్ధాలు అనుకునేవాణ్ని.

అలా పదకొండు నెలలు దాటాయి. దసరా పోయింది. మేనకోడలి పెళ్లి పోయింది. మా నాన్న పోయాడు, అదీ దాటాను. ఆ దవాఖాన డాక్టరమ్మ దగ్గరకు నెలనెలా పోయి బాగున్నానని చెప్పి వచ్చేవాణ్ని. ఏడాది నిండటానికి ఆరు రోజులుందనగా తొర్రూరులో తాగాను.

కారణం చెప్పమంటే చెప్పలేను. ఎరువుల దుకాణం ప్రారంభోత్సవానికి మేం కొట్టిచ్చిన ఫ్లెక్సీలో యజమాని తండ్రి మొహం నల్లగా వచ్చిందని గొడవ. కొత్తది కొట్టి నేనే తీసుకుపోయాను. పెద్దాయన మొహం ఈసారి పాలరాయిలా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు, భోజనం పెట్టారు. బస్టాండుకు వచ్చాను. హనుమకొండ బస్సుకు ఇంకా ముప్పావుగంట. ఎండ, దుమ్ము, పత్తి బస్తాల ట్రాలీలు. మనసులో బాధ లేదు, సంతోషం లేదు. నీళ్ల సీసా కొందామని లేచాను. నీళ్లు అమ్మే కొట్టు పక్కనే వైన్స్. నా పెదాలు నన్నడక్కుండానే "ఒక క్వార్టర్" అన్నాయి.

రుచి బాగాలేదు. నిజంగా బాగాలేదు. బాగాలేదని తెలిసి కూడా చివరి చుక్క దాకా పూర్తిచేశాను. ఇంత పట్టుదల ఇంకో పనిలో చూపి ఉంటే ఈపాటికి రెండు షాపులు ఉండేవి.

ఇంటికి వచ్చేసరికి సోంపు నమిలీ నమిలీ దవడలు నొప్పి పెట్టాయి. బస్సులో తల తిప్పిందని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ నిమ్మకాయ నీళ్లు తెచ్చింది. పక్కన కూర్చుని చాలాసేపు తల ఒత్తింది. "గీ ఎండల తిరుగుతె తిప్పదా మరి? ఫోన్ల చెప్తె కాదా వాళ్లకు" అని తొర్రూరు వాళ్లను తిట్టింది. నేను కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టుకున్నాను. ఆమె చేయి నుదుటి మీద ఉన్నంతసేపూ చచ్చిపోవాలనిపించింది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆమెకు పంటినొప్పి. ఆ మర్నాడు హైదరాబాద్ హాస్టల్ నుంచి మా బిడ్డ ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడుతుంటే ఎందుకు చెడగొట్టాలనుకున్నాను. నాలుగో రోజుకు ఇంకో ఆలోచన వచ్చింది. చెబితే ఒక తప్పు కాదు కదా ఇప్పుడు, తాగింది ఒకటి, నాలుగు రోజులు దాచింది ఒకటి. ఐదో రోజు డాక్టరమ్మ దగ్గరకు పోవాల్సి ఉంటే మిషను పాడైందని ఫోన్ చేశాను. పాత సరుకంతా నా దగ్గర ఇంకా భద్రంగానే ఉంది.

ఏడాది నిండిన రోజు పొద్దున్నే బామ్మర్ది ఫోను.

"బావా, లేచినవా? జర చౌరస్తా దాంక రా. జల్ది రా. సర్‌ప్రైజ్."

పోయాను. చాయ్ హోటల్ పక్కన, రెండు కరెంటు స్తంభాల మధ్య, పన్నెండు అడుగుల ఫ్లెక్సీలో నేను దండం పెడుతూ నిలబడి ఉన్నాను.

నాకు తెలియకుండా ఉండాలని వాడు వేరే షాపులో కొట్టించాడు. పసుపు, ఎరుపు రంగులు, మూలల్లో పావురాలు. నా ఫొటో ఎక్కడిదో చూడగానే తెలిసింది. ఎప్పటిదో దావత్‌లో తీసింది. దండం పెట్టే చేతులు ఇంకెవరివో తెచ్చి అతికించారు. వెనకాల చిన్నగా అదే ఫొటో ఇంకోటి వేశారు, అందులో చేతులు నావే. కుడిచేతిలో గ్లాసును చెరిపేశారు గానీ వేళ్లను వదిలేశారు. ఏమీ లేని గాలిని గట్టిగా పట్టుకుని నవ్వుతున్నాను. అడుగున గుండ్రటి ఫొటోల్లో 'శుభాకాంక్షలు తెలుపువారు' ఎనిమిది మంది. అందులో ఏడుగురు నాతో కలిసి తాగినవాళ్లు, ఇప్పటికీ తాగుతున్నవాళ్లు.

మధ్యలో పెద్ద అక్షరాలు: 'మందు మానని మా బావకు మొదటి వార్షికోత్సవ శుభాకాంక్షలు.'

మానిన అని రాయాలి. మానని అని పడింది. మొదటి న మీద ఉండాల్సిన గుడి జరిగి రెండో న మీద కూర్చుంది. ఇంకేమీ మారలేదు, అక్షరాలన్నీ అవే. మానేసినవాడు మానకుండా పోయాడు.

సిగ్గులేకుండా ఒక మాట చెబుతాను. ముందు నాకు కోపం వచ్చింది, అదీ ఆ షాపువాడి మీద. ప్రూఫు చూసుకోకుండా పన్నెండడుగులు ఎలా కొడతాడు వీడు అని. ఆ తర్వాత గానీ అసలు సంగతి తట్టలేదు. ఊళ్లో ఎవరికీ తెలియని ముచ్చట ఒక చదువురాని గుడికి ఎలా తెలిసిందిరా దేవుడా అనుకున్నాను.

"ఎట్లుంది బావా?" అన్నాడు బామ్మర్ది. వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. వెధవ, నన్ను మోసుకుపోయిన భుజం వాడిది.

"గుడి తప్పు పడ్డది రా."

"యే గుడి?" అని చుట్టూ చూశాడు. చూపించాను. నోట్లో రెండుసార్లు చదువుకున్నాడు. "యే, గంత సందుల ఎవడు చూస్తడు బావా! ఫొటో చూస్తరు, దండం పెడ్తరు, పోతరు. ఫికర్ జెయ్యకు."

హోటల్ బల్ల మీద చాయ్ తాగుతున్న ఒక పెద్దాయన అప్పటికే కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "మందు... మానని... మంచిగున్నది బిడ్డా. ఈ రోజుల్ల ఉన్నదున్నట్టు చెప్పుకునేటోడు ఏడున్నడు?" అన్నాడు నాతో, ఎంతో మెచ్చుకోలుగా.

బామ్మర్దిని ధర్మసాగర్ పంపించేశాను. మధ్యాహ్నం వాళ్లింట్లో దావత్ ఉంది. నేను మందు మానినందుకు మేకను కోశారు, బీరు పెట్టెలు తెప్పించారు. నాకు మాత్రం పెద్ద కూల్‌డ్రింకు సీసా.

షాపుకు పోయి తాళం తీశాను. అదే పసుపు, అదే ఎరుపు కలిపి, అదే సైజులో 'నిన' అని రెండక్షరాలు కొట్టి, కత్తిరించి, వెనక టేపు అంటించాను. ఇలాంటి అతుకులు వేయడంలో నన్ను మించినవాడు లేడు. పైన వేస్తే పక్కన నిలబడి చూసినా తెలియదు. హోటల్ వాళ్ల నిచ్చెన అడిగి తెచ్చుకున్నాను. ఎక్కబోతుంటే ఆటో దిగి మా ఆవిడ వచ్చింది. తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడట. దావత్‌కని ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. పూలు పెట్టుకుంది. ఫ్లెక్సీ వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, సంతోషం ఆపుకోలేక.

"నిచ్చెనెందుకు?" అంది.

"అక్షరం తప్పు పడ్డది."

ఆమె నిచ్చెన పట్టుకుంది. నేనెక్కాను. కిందనుంచి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. అర్థం కాగానే నవ్వడం మొదలుపెట్టింది. నిచ్చెన కదిలేంత నవ్వు. "అయ్యో మా తమ్ముడా! ఏంది గీ తెలివి! మానని అంట, మానని!" కళ్లు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ అంది. ఆమె అలా నవ్వగా విని ఎన్నాళ్లయిందో. పదిహేనేళ్లలో విన్నట్టు గుర్తులేదు.

చేతిలో 'నిన' ఉంది. టేపు మీద కాగితం తీశాను. ఒక్కసారి నొక్కితే అయిపోతుంది. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. కింద ఆమె ఇంకా నవ్వుతోంది.

"తప్పు పడలె" అన్నాను.

"ఆఁ?"

"అక్షరం తప్పు పడలె. ఆరొద్దుల కింద తాగిన. తొర్రూర్ల."

నవ్వు ఆగింది. నేను కిందికి చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయం. కిందనుంచి ఆమె గొంతు వినబడింది.

"దిగు."

"నేను ఆ రోజే..."

"దిగు ముందుగాల. పడ్తవ్."

నేను చివరి మెట్టు దిగేదాకా నిచ్చెన వదలలేదు. దిగాక నా వైపు చూడకుండా, "ఆ రోజు నాతోని నెత్తి ఒత్తిచ్చుకున్నవ్ గదా" అంది. అంతే. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని.

దావత్ వద్దని, జ్వరమని చెబుదామని అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. "జ్వరమా?" అంది. "నడువు. నీ పేరు మీద మేక సచ్చిపాయె. అందరికి నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. ధర్మసాగర్‌లో వాళ్లింటి ముందు షామియానా కింద, ముప్పై మంది మధ్య నిలబడి, ఆరు రోజుల కింద తాగానని చెప్పాను. అందరూ విరగబడి నవ్వారు. "ఫ్లెక్సీల తప్పు పడ్డదని బావ జోకేస్తాండు!" అని బామ్మర్ది నన్ను కౌగిలించుకున్నాడు. నిజమే చెబుతున్నానని ఇంకోసారి అంటే ఇంకా గట్టిగా నవ్వారు. ఒకాయన చేతిలో బీరు సీసా ఎత్తి, "అయితె ఇగ లొల్లే లేదు, రా కూసో" అన్నాడు. మందు మానానంటే ఏడాది నమ్మని జనం, తాగానంటే కూడా నమ్మలేదు.

నమ్మిన మనిషి ఒక్కతే, వంటింటి గడపలో నిలబడి ఉంది. భోజనాలయ్యాక పక్కకు పిలిచింది. "నువ్వు పో. నేనీడనే ఉంట."

"ఎన్ని రోజులు?"

"చెప్పనీకి నీకు ఆరొద్దులు పట్టింది. నాకెన్ని పడ్తయో నాకేమెరుక?"

ఒక్కణ్నే బస్సెక్కాను. ఇంటికి పోయి అన్నం వండితే అడుగంటింది.

డాక్టరమ్మ దగ్గరకు మర్నాడు పోయాను. మిషను బాగైందా అని అడిగింది. మిషను ఎప్పుడూ పాడు కాలేదని చెప్పి మొత్తం చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపింది.

"ఏడాదిలో ఒక్కరోజు తాగారు. అంతకుముందు ఏడాదిలో ఎన్ని రోజులు మానారు?"

ఆలోచించాను. "డ్రై డే నాడు మేడం. అదీ ముందురోజే తెచ్చిపెట్టుకునేవాణ్ని."

నవ్వలేదు ఆమె. "మర్నాడే ఎందుకు రాలేదు?"

"సిగ్గేసింది."

"తగ్గిన జ్వరం మళ్లీ వస్తే సిగ్గుపడతారా?"

"జ్వరం తగ్గితే ఎవరూ ఫ్లెక్సీ కట్టరు కదా మేడం."

అప్పుడు నవ్వింది. నవ్వి, మందులు మార్చి రాసింది. "తాగాలనిపిస్తే ఎవరికైనా ఫోన్ చెయ్యమని ఏడాదిగా చెబుతున్నాను. తాగాక కూడా చెయ్యొచ్చు. మధ్యలో కూడా చెయ్యొచ్చు. ఆపడానికి సీసా ఖాళీ అవ్వాలని రూలు లేదు" అంది. నాకెందుకో ఆ రూలు ఉందనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

రోజులు గడిచాయి. మా ఆవిడకు ఫోన్ చేస్తే ఎత్తేది. తిన్నావా అంటే తిన్న అనేది. ఎప్పుడొస్తావంటే పెట్టేసేది. ఫ్లెక్సీ మాత్రం నన్ను వదలలేదు. పొద్దున, సాయంత్రం దాని కిందనుంచే నడక. అతుకు వేయడానికి మనసు రాలేదు, దింపడానికి చేతులు రాలేదు. బామ్మర్దికి అక్క ఏం చెప్పిందో, ఒకరోజు తల దించుకుని షాపుకొచ్చాడు. "తప్పయింది బావా. కొత్తది కొట్టిస్త" అన్నాడు. "కొట్టిస్తే నిన్ను కొడ్త" అన్నాను. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ఇంకెవరి పుట్టినరోజో తీస్తూ దాన్నీ తీసుకుపోయారు.

పద్దెనిమిదో రోజు పొద్దున ఆమే ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాను. "బీరువల నడిమి అరల చీరెలు, నా బీపీ గోలీలు సంచిల పెట్టు. తమ్ముడు వస్తాండు, ఇచ్చి పంపు" అంది. సరే అన్నాను. చీరలు ఒక్కొక్కటీ మడతపెట్టాను. ఎన్ని పెట్టాలో చెప్పలేదు. నాలుగు పెడితే నాలుగు రోజులకు వస్తుందేమో, పది పెడితే ఇక రాదేమో అని మంచం మీద కూర్చుని చీరలతో లెక్కలు వేసుకున్నాను. చివరికి అన్నీ పెట్టాను. బామ్మర్ది సంచి తీసుకుని పోయాడు. షాపు తాళం జేబులో ఉంది. నేను షాపుకు పోలేదు.

పట్టపగలు పర్మిట్ రూంలో నలుగురే ఉన్నారు. క్వార్టర్ మూత తీసి సగం తాగేశాను. మిగిలిన సగం గ్లాసులో పోసుకుని నీళ్లు కలిపాను. ఇంతలో నా బుర్ర తన పని తాను మొదలుపెట్టింది. షాపు ఎందుకు తీయలేదంటే ఏం చెప్పాలి? సర్వర్ డౌన్. కరెంటు. ఆర్డరు మీద జనగామ పోయా. మంచి అబద్ధం ఒకటి నిమిషంలో తయారైంది, ఎక్కడా అతుకు కనబడకుండా. అప్పుడు గుర్తొచ్చింది, చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు. అడిగేవాళ్లే లేరు. ఎంత తాగినా, ఎన్ని చెప్పినా ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేరు. భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఫోన్ తీశాను.

"తాగిన" అన్నాను.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. తాగుతాన."

అవతల కోళ్లు కూస్తున్నాయి. ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు.

"ఎంత తాగినవ్?"

"సగం."

"తతిమ సగం?"

"నా ముందల్నే ఉన్నది."

పెట్టేసిందేమోనని ఫోన్ చూశాను. పెట్టలేదు.

"ఏడున్నవ్?"

చెప్పాను.

"దాన్ని ముట్టకు. లేవకు. వస్తాన."

ధర్మసాగర్ నుంచి ఆటోలో రావాలంటే ముప్పావుగంట. ముప్పావుగంట ఆ గ్లాసు, నేను ఒకరినొకరం చూసుకుంటూ కూర్చున్నాం. చెయ్యి రెండుసార్లు దాని దాకా పోయింది. రెండోసారి గ్లాసును ఎత్తాను కూడా. వాసన చూసి దించాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. పక్క బల్ల మీదాయన ఆశగా చూసి, "తాగవానే? నాకియ్యరాదు" అన్నాడు.

"మా ఆడామె వస్తాంది" అన్నాను.

"ఈడికా?" అని తన గ్లాసు, పల్లీల పొట్లం తీసుకుని రెండు బల్లల అవతలికి పోయి కూర్చున్నాడు.

ఆమె వచ్చింది. ఇంట్లో వేసుకునే చెప్పులు, నలిగిన చీర, నుదుటి మీద చెమట. చేతిలో సంచి లేదు. ముందు అదే చూశాను. ఆమె ఎవరినీ చూడకుండా కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. గ్లాసును చూసింది. సీసాను చూసింది. నన్ను చూసింది. ఏడుపు ఆగలేదు నాకు. పట్టపగలు, నలుగురు తాగుబోతుల ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఆగేదాకా చూసింది.

"పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

"తినలె."

"ఇంట్ల బియ్యమున్నయా?"

"ఉన్నయ్."

"కూరగాయలు?"

"లెవ్వు" అన్నాను.

"తొవ్వల తీస్కుందాం" అని లేచింది.